జామాకు మీద నురుగు

జామాకు మీద తెల్లటి నురుగు.

పిడికెడంత ఉంది. అప్పుడే చిలికిన చల్ల మీద తేలే నురుగులా... తడిగా, బరువు లేకుండా. దాని కింద సిమెంటు గోలెం. గోలెంలో ముప్పావు వంతు నీళ్లు.

శాంతవ్వ పళ్లు తోముకుంటూ చూసింది. వేపపుల్ల నోట్లోనే ఆగిపోయింది.

చెట్టుకప్ప గుడ్లు పెట్టింది.

ఆ కప్ప ఆమెకు కొత్త కాదు. మూడేళ్లుగా ఈ పెరట్లోనే ఉంటోంది. ఎండాకాలమంతా స్నానాల గది గోడ పగులులో, గోడ రంగుకే తిరిగి, కాళ్లు పొట్ట కింద దాచుకుని, ఉందో పోయిందో తెలియకుండా పడి ఉండేది. "సూసింది సాలు, అటు దిరుగు" అనేది శాంతవ్వ స్నానానికి కూర్చున్నప్పుడు. అది తిరిగేది కాదు.

నీళ్లలో పెరిగింది. తోక రాలగానే చెట్టెక్కింది. ఇక నీళ్ల జోలికి పోలేదు.

పిల్లల కోసం మాత్రం నీళ్ల మీదికి వస్తుంది. ఆకు పట్టుకుని వేలాడుతుంది... వెనక కాళ్లతో నురుగు చిలుకుతుంది... ఆ నురుగులో గుడ్లు దాచి వెళ్లిపోతుంది. నాలుగైదు రోజులకు నురుగు కరుగుతుంది. పిల్లలు చుక్కలు చుక్కలుగా కిందికి రాలతాయి.

కింద నీళ్లుండాలి. అది కోరేది అంతే.

మృగశిర కార్తె వచ్చి పన్నెండు రోజులైంది. వాన లేదు.

మబ్బు రాకపోవడమంటూ లేదు. ఎల్లారెడ్డి పట్నం మీదుగా వచ్చేది, ఊరి మీద కాసేపు నిలబడేది, ఎవరో పిలిచినట్టు పోచారం వైపు పోయేది. అక్కడైనా కురిసిందా అంటే అదీ లేదు. ఊరికే తిరిగేది.

మరి కప్పకు వాన ఎక్కడ కనిపించింది?

శాంతవ్వకు తెలుసు. నిన్న పొద్దున కోడలు సాయిలత గోలెం నింపి, ఇంట్లోని బొంతలన్నీ బండ మీద వేసి ఉతికింది. బాదిన బాదుడుకు నీళ్లు జామచెట్టు మీదికి ఎగిరాయి. ఆకులు తడిశాయి. మట్టి వాసన లేచింది. గోడ పగులులో కప్ప కళ్లు తెరిచింది.

వాన అనుకుంది.

బొంతలు బాదిన నీళ్లను చూసి వాన అనుకుంది, పిచ్చిది.

ఈ రోజు మధ్యాహ్నానికి బోరు రెండుసార్లు గాలి కక్కి ఆగిపోయింది.

ఆ బోరు కిందే నారుమడి. ఇంటి వెనకే ఉంటుంది. మొలకలు బెత్తెడైనా కాలేదు. ఎకరన్నర పొలంలో నాటాల్సిన నారంతా అదే. అది ఎండితే ఈ ఏడు నాటు లేదు. నాటు లేకపోతే శాంతవ్వ మళ్లీ ఇంకొకరి మడిలో వంగాలి. నలభై ఏళ్లు వంగిన నడుము అది. ఇక వంగనంటోంది.

సాయిలత బకెట్ పట్టుకుని గోలెం దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఈ నీళ్లు నారుకు పోద్దాం. అంత దక్కకున్నా ఒక మూలనన్న దక్కుతది."

"నాలుగు దినాలు ఆగరాదె."

"నారు ఆగుతదా?"

నారు ఆగదు. గుడ్లూ ఆగవు. ఆగి ఆగి విసిగిపోయింది తనొక్కతే.

"దినాం రెండు బకెట్లు తీసుకో" అంది శాంతవ్వ. "అడుగున ఇంత ఉంచు."

సాయిలత నురుగు వైపు చూసింది, అత్త వైపు చూసింది. రెండు బకెట్లు ముంచుకుని పోయింది.

నీళ్లు దిగుతున్నాయి. రోజూ బెత్తెడు.

నారు పసుపెక్కుతోంది... రోజూ కొంచెం.

నురుగు పైన పొర కట్టింది. లోపల ఏమవుతోందో ఎవరికీ తెలియదు.

మూడో రోజు పొద్దున ఆడవాళ్లు కప్పతల్లి ఆడదామన్నారు. వాన మొండికేసిన ఏడాది ఈ వైపు ఊళ్లలో చేసేదే. కప్పను తడి బట్టలో చుట్టి, వేపమండలతో కలిపి రోకలికి కడతారు. ఇద్దరు భుజాన వేసుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటావిడా దాని మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. కప్ప అరిస్తే పైవాడికి వినపడుతుందని నమ్మకం.

కప్ప కావాలి. కప్ప ఎక్కడ?

కుంట ఎండింది. మధ్యలో మంచమంత మడుగు మిగిలింది. చుట్టూ బురద పగుళ్లు. ఆ పగుళ్ల అడుగున ఎక్కడో కప్పలు మట్టి కప్పుకుని పడుకున్నాయి. గడ్డపారతో తవ్వినా ఒక్కటి దొరకలేదు.

ఈ పనులకు ముందుండే బాలలక్ష్మి నేరుగా శాంతవ్వ పెరట్లోకి వచ్చింది.

"శాంతవ్వా, మీ తానాల అర్రల ఒక కప్ప ఉన్నదటగా?"

"అది నీళ్లల్ల ఉండేది కాదు. చెట్టు మీదది."

"కప్ప కప్పే గదవ్వా. నీళ్లల్ల ఉండని కప్ప ఉంటదా?"

వెనక పదిమంది ఆడవాళ్లు. అందరి నార్లూ అంతంతే. ఇంకేం అంటుంది?

తనే లోపలికి పోయింది. తనే గోడ పగులులో చెయ్యి పెట్టి తీసింది. అది పారిపోలేదు. రోజూ చూసే చెయ్యే కదా. వేళ్ల కొసలు చల్లగా ఆమె బొటనవేలికి అతుక్కున్నాయి. ఒక్కొక్క వేలూ విడదీసి ఇవ్వాల్సి వచ్చింది.

ఇచ్చింది.

ఊరేగింపు వెంట శాంతవ్వ కూడా నడిచింది. ఇంటింటికీ చెంబెడు. బద్రున్నీసా వాకిట్లోకి వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, దువా చేసి రెండు చెంబులు పోసింది. తాగడానికి లేని నీళ్లు అవి. అందరూ పోశారు. అందరూ పైకి చూశారు.

కప్ప అరవలేదు.

ఆఖరున కుంట దగ్గర రోకలి దించారు.

"బాలలక్ష్మీ, దాన్ని నాకియ్యి. నా జామచెట్టు మీద ఇడుస్త."

"అట్ల ఇడువద్దవ్వా. కప్పతల్లిని నీళ్లల్లనే ఇడువాలె. చెట్టు మీద ఇడిస్తే వాన యాడికెల్లి వస్తది?"

చెప్పాలనుకుంది శాంతవ్వ. దానికి ఆ మడుగులో నక్కడానికి చోటు లేదని. ఎక్కడానికి కొమ్మ లేదని. గట్టు మీద కొంగలు కాచుకుని ఉన్నాయని. కానీ చెప్పే ఓపిక లేదు. పసుపెక్కిన నారు కళ్ల ముందు ఆడింది. తను అడ్డం పడితే, రేపు వాన రాకపోతే... నోరు మూసుకుంది.

మడుగులో వదిలారు. ఒక్కసారి ఈదింది. బురద అంచు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

పొద్దు వాలక ముందే శాంతవ్వ ఒంటరిగా మళ్లీ వెళ్లింది. చేతిలో తడి గుడ్డ.

మడుగు ఉంది. మూడు కొంగలు ఉన్నాయి. కప్ప లేదు.

యాభై అడుగుల దూరంలో ఒక తుమ్మచెట్టు. అంతవరకూ పగుళ్లిచ్చిన నేల, దాక్కోవడానికి గడ్డిపరక కూడా లేని నేల. అయినా వెళ్లి చెట్టు కింద నిలబడి కొమ్మ కొమ్మా చూసింది. బెరడు రంగు, కప్ప రంగు ఒక్కటే. ఉన్నా కనిపించదు.

ఎక్కే ఉంటుంది అనుకుంది.

కొంగల వైపు చూసింది. అవి తీరిగ్గా, కడుపు నిండినట్టు నిలబడి ఉన్నాయి.

ఎక్కే ఉంటుంది అని మళ్లీ అనుకుంది. ఈసారి అంత గట్టిగా అనుకోలేకపోయింది.

నాలుగో రోజు వాన లేదు.

ఐదో రోజు పొద్దున ఆమె నల్లా దగ్గర వరసలో నిలబడి బిందెడు తాగునీళ్లతో ఇంటికి వచ్చేసరికి, గోలెం అడుగు కనిపిస్తోంది. పాచి పట్టిన సిమెంటు. తడి కూడా ఆరిపోతోంది. పక్కన ఖాళీ బకెట్, దాని పక్కన సాయిలత.

"సూడలేక పోసిన అత్తా. తూర్పు మూలకు ఇంక పానం ఉన్నది. ఇయ్యాల పొయ్యకుంటే అది గూడ పోతుండె."

కోపం రావాలి. రాలేదు. కోడలు చేసింది న్యాయమే. తనైనా అదే చేసేది, కాకపోతే ఇంకొక గంట ఆలస్యంగా.

శాంతవ్వ జామాకు వైపు చూసింది.

నురుగు కరుగుతోంది.

పొర చిట్లి, కింది కొసన ఒక చుక్క సాగింది. అందులో నల్లగా... ఆవగింజంత తల, వెంట్రుకంత తోక. చుక్క ఊగింది. తెగింది. గోలెం అడుగున పడింది.

పొడి సిమెంటు మీద అది కొట్టుకుంది. ఒకసారి. రెండుసార్లు.

శాంతవ్వ బిందె దించింది. చెంబు ముంచింది. నడుము పట్టి లాగుతున్నా గోలెంలోకి వంగి, తడి వేలితో ఆ నలుసును ఎత్తి చెంబులో వేసింది. కదలలేదు. చూస్తూ ఉండగా, కొంచెం కదిలింది.

లేచి చెంబును ఆకు కింద పట్టింది.

ఇంకొకటి రాలింది. ఇంకొకటి. చేయి గుంజుతోంది. భుజం మండుతోంది. రెండో చేయి ఆసరా పెట్టింది.

"ఇటియ్యి అత్తా, జరసేపు నేను పట్టుకుంట."

శాంతవ్వ ఇవ్వలేదు.

"మీ తల్లిని నేనే ఇచ్చిన" అంది. కోడలితో కాదు. చెంబులోకి చూస్తూ అంది. "వాన కోసం ఇచ్చిన బిడ్డా. నా చేతులతోనే తీసిచ్చిన."

సాయిలత చెంబులోకి తొంగి చూసింది. తరువాత మెల్లగా అడిగింది.

"ఇయ్యి ఎన్ని దినాలు నీళ్లల్ల ఉండాలె?"

"కాళ్లొచ్చే దాంక. చెట్టెక్కే దాంక."

"అన్ని దినాలు నీళ్లు యాడికెల్లి తెస్తమత్తా?"

శాంతవ్వ పైకి చూడలేదు. పైకి చూడడం మానేసి రెండు రోజులైంది. నురుగు అంచున ఇంకో చుక్క, ఈసారి కాస్త పక్కకు, సాగుతోంది.

చెంబును బెత్తెడు జరిపింది.