రెయిన్‌కోటు బొమ్మకి కాగితం

ఆమెని ఇంట్లో కాటా అని పిలిచేవాళ్ళు. ఏదీ తూచి చూడనిదే ఒప్పుకోదని చిన్నప్పుడు చెల్లెలు పెట్టిన పేరది. పెళ్ళయ్యాక భర్తకీ ఆ పేరే నచ్చింది, అతనూ అదే అందుకున్నాడు.

కాటా పని పళ్ళు చెయ్యడం. డాక్టరు అచ్చు తీసి పంపితే, ముఖం కూడా తెలియని ఎవరి నోటికో సరిపోయే పన్ను పింగాణీతో చేసి పంపుతుంది. తెలుపులో ఎన్ని రకాలున్నాయో ఆమెనడగాలి. గుడ్డుపెంకు తెలుపు వేరు, టీ బాగా తాగేవాడి తెలుపు వేరు, పాతికేళ్ళ తెలుపు వేరు. అలాంటి మనిషి ఆ సోమవారం కాగితాల షాపులో రెండు తెల్ల కాగితాలు గుమ్మం వెలుతురులో పట్టుకుని, ఎంతకీ తేల్చుకోలేక నిలబడిపోయింది.

"రెండూ తెలుపే మేడమ్," అన్నాడు షాపతను.

"కుడిచేతిది నీలం కొడుతోంది."

అతను కుడిచేతిది తీసుకుని చెవి దగ్గర పెట్టి గలగలలాడించాడు. "సౌండ్ మాత్రం అదిరింది," అన్నాడు. ఏ కాగితాన్నైనా అతను అలాగే ఆడిస్తాడు. ఎందుకని అడిగితే అతనికీ తెలియదు. "ఇంతకీ కార్డెవరికండీ?"

"మా చెల్లికి."

"చెల్లెలికా! నేనింకా ఎవరో పెద్ద ఆఫీసరుకనుకున్నా. చెల్లెళ్ళు ఏదిచ్చినా తీసుకుంటారండీ."

"మా చెల్లి తీసుకోదు," అంది కాటా. అనేశాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ తర్వాత రెండు రకాలూ కట్టమంది. పోతూపోతూ ఇంకో నాలుగు రకాలు కూడా.

చెల్లెల్ని అందరూ గువ్వ అంటారు. గువ్వ మూడేళ్ళ కిందట బ్యాంకు ఉద్యోగం మానేసి, వయొలిన్లు బాగుచేసే పని నేర్చుకోవడానికి వెళ్ళింది. వెళ్ళేముందు బంధువులంతా భోజనాల దగ్గర ఉండగా కాటా అంది: "ఆర్నెల్లాగండి, మళ్ళీ కౌంటరు వెనకే కనిపిస్తుంది." అందరూ నవ్వారు. గువ్వా నవ్వింది. ఆ నవ్వే కాటాని ఇప్పటికీ వదలదు. గువ్వ అలిగి లేచిపోయుంటే, ఆ రాత్రే బతిమాలి అన్నం తినిపించేది. నవ్వినదాన్ని ఏమని బతిమాలుతారు? అప్పటినుంచి ఫోన్లు తగ్గాయి, మెసేజీలు మిగిలాయి. బాగున్నారా, బాగున్నాం. మొన్న మాత్రం ఇంకో మెసేజీ వచ్చింది. "వచ్చే ఆదివారం నా షాపు తెరుస్తున్నా." కింద అడ్రసు. రమ్మని లేదు, రావద్దనీ లేదు.

వెళ్ళాలని ఉంది. పిలవకుండా వెళ్తే, చెల్లెలు మళ్ళీ ఆ నవ్వే నవ్వితే? ముందొక కార్డు పంపాలనుకుంది కాటా. దానికి గువ్వ దగ్గర్నుంచి ఏదో ఒకటి వస్తే వెళ్ళొచ్చు. ఏమీ రాకపోతే, ఇక ఈ జన్మకి బాగున్నారా బాగున్నామే. కార్డు శుక్రవారానికల్లా చేరాలంటే బుధవారం పొద్దున పోస్టులో పడాలి.

బొమ్మ తనే వేసింది. ఒక్క పసుపుపచ్చ రెయిన్‌కోటు, దాని కింద నాలుగు కాళ్ళు. బడికెళ్ళే రోజుల్లో ఇద్దరికీ కలిపి ఒకటే ఉండేది. చెరో చెయ్యి దూర్చుకుని నడిచేవాళ్ళు. బొమ్మ ఒక్క గంటలో అయిపోయింది. కాగితమే కుదరడం లేదు.

మంగళవారం ల్యాబుకి సెలవు పెట్టి ప్రింటరు ముందు కూర్చుంది. పల్చటి కాగితం మీద రంగు వెనక్కి దిగింది. దళసరిది రోలరు మింగలేక సగంలో కక్కేసింది. ఇంకోటి మడతపెట్టగానే మడత పొడుగునా పగిలి లోపలి తెలుపు గీతలా బయటపడింది. అదే కాగితాన్ని అడ్డంగా తిప్పి మడిస్తే పగలలేదు. కాగితానికీ ఒక వాలుంటుంది కాబోలు, అనుకుని సంబరపడి, ఉన్నవన్నీ అటూ ఇటూ మడిచి చూసింది. ఆ తర్వాత ల్యాబునుంచి తెచ్చిన పళ్ళ రంగుల పట్టీ తీసింది. పుల్లలకి గుచ్చినట్టుండే పదహారు పింగాణీ పళ్ళు. ఒక్కో పన్నూ కాగితం అంచున ఆనించి కళ్ళు చికిలించి చూడసాగింది.

స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకి ఈత నేర్పే భర్త మధ్యాహ్నం తడి తలతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమోయ్ కాటా, కాగితానికి కూడా పళ్ళు కడుతున్నావా? కరుస్తుంది జాగ్రత్త."

"మీ తల తుడుచుకుని రండి. ఒక్క చుక్క పడిందంటే ఊరుకోను."

"ఏది బాగుందో నేను చెప్పనా?"

"మీకు అన్నీ బాగుంటాయి. మీ మాట లెక్కలోకి రాదు."

"నిన్ను చేసుకున్న రోజు కూడా ఇదే మాటన్నారు మా వాళ్ళు," అంటూ తువ్వాలుకోసం వెళ్ళాడు.

సాయంత్రానికి బల్లమీద రెండు దొంతరలు తేలాయి. ఎడమవైపు వద్దన్నవి, కుడివైపు పనికొచ్చేవి. కుడివైపు పైన ఉన్నది, రెండువైపులా నున్నగా మెరిసే కాగితం. దానిమీద పసుపు నిన్ననే ఉతికి ఆరేసినట్టుంది. నాలుగు కాళ్ళూ నీళ్ళలో దిగినట్టే ఉన్నాయి. కాటాకి పెద్ద బరువు దిగింది.

"అబ్బ, బాగుందోయ్! ఆగు, బావని కదా, నేను కూడా ఒక మాట రాస్తా," అని భర్త జెల్ పెన్ను తీసి కార్డు తెరిచాడు. లోపల "గువ్వా" అని రాశాడు. సిరా కాగితంమీద పూసల్లా నిలబడింది. ఊదాడు. ఆరలేదు. వేలితో ముట్టుకుంటే గువ్వ కాస్తా నల్లటి మరకైంది.

"ఇది ఒప్పుకోవడం లేదే," అన్నాడు వేలు చూసుకుంటూ.

"పాడుచేశారుగా! ఆ పెన్నే అంత. వేరేది తీసుకోండి."

బాల్‌పెన్ను తెచ్చాడు. అది జారింది తప్ప గీయలేదు. అతను నవ్వాపుకుంటూ కుడి దొంతరలోంచి రెండోది తెరిచాడు. అదీ అంతే. మూడోదీ అంతే.

కాటా పెన్ను లాక్కుంది. ఎడమ దొంతర ముందుకి జరుపుకుని, వద్దన్న మొదటి కాగితంమీద గీసింది. పడింది. రెండోదానిమీద గీసింది. పడింది. అన్నిటిమీదా సిరా హాయిగా ఇంకింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. రంగు చూసింది, బరువు చూసింది, మడత చూసింది, పళ్ళు ఆనించి తెలుపు చూసింది. ఇన్ని చూసిన మనిషి, కార్డు కదా, లోపల ఏదన్నా రాయాలి కదా అని ఒక్కసారి కూడా పెన్ను పెట్టి చూడలేదు. ల్యాబుకి వచ్చే అచ్చులు గుర్తొచ్చాయి. కొందరి పళ్ళు ఒకవైపే అరిగిపోయి ఉంటాయి. రెండోవైపు ఎక్కడో సలుపుంటుంది, నాలుకకి తెలిసి దాన్ని తప్పించి నమిలిస్తుంది. మనిషికి మాత్రం తెలియదు. రెండువైపులా నములుతున్నాననే చెబుతాడు. కాటా తన కుడి చేతిని వింతగా చూసుకుంది. పొద్దుటినుంచి రాత పట్టే ప్రతి కాగితాన్నీ ఏదో వంక చెప్పి ఎడమవైపు పడేసింది ఈ చెయ్యే. కోపం రాలేదు. ఎవరో తెలియని మనిషి అచ్చు చేతికొచ్చినట్టుంది. ఇంకా ఏమేం చేస్తుందో చూడాలనిపించింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏమీ లేదు. దీనికి రాయడం ఇష్టంలేదు."

"కాగితానికా?"

"చేతికి."

అతను వేలి మరక తువ్వాలుకి తుడుచుకున్నాడు. "టీ పెడతా," అని వంటింట్లోకి పోయాడు.

ఎడమ దొంతరలోంచి మెరుపులేని, కాస్త మీగడ రంగు కాగితం తీసింది. రెండువైపులా ప్రింటుకి పనికొచ్చేదే. పసుపు నలిగినట్టు కనిపిస్తోందని మధ్యాహ్నం పక్కన పెట్టింది. మళ్ళీ ప్రింటు తీసింది. నలిగినట్టే ఉంది. ఉండనీ అనుకుంది. వాలు చూసి మడిచింది, తెరిచింది, పెన్ను పెట్టింది.

పెన్ను పెట్టాక తెలిసింది, చెయ్యి ఎందుకు అంత తెలివిగా పారిపోయిందో. నున్నటి కాగితంమీదైతే తుడిచెయ్యొచ్చు. దీనిమీద చుక్క పెడితే చుక్క లోపలికి పోతుంది. "శుభాకాంక్షలు" అని రాయబోయి ఆగింది. చెయ్యి మళ్ళీ పక్కకి తప్పుకుంటోందని ఈసారి అక్కడికక్కడే పట్టుకుంది. వంటింట్లో గిన్నె చప్పుడవుతోంది. అది ఆగేలోపు రాసెయ్యాలి అనుకుని రాసింది.

"గువ్వా, ఆ రోజు భోజనాల దగ్గర నేనన్నది నిన్ను చూసి కాదు, నాకు నీలాగా లేచి వెళ్ళే ధైర్యం లేక. అందరిముందూ అన్నాను, తప్పు. నీ షాపు చూడాలనుంది. అక్క."

చదువుకుంటే చెవులు వేడెక్కాయి. మొదటి వాక్యం రాసేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు. చింపేసి ఇంకోటి తియ్యొచ్చు, కాగితాలకేం కొదవ లేదు. టీ గ్లాసుతో వచ్చిన భర్తకి కార్డు చూపించకుండానే కవర్లో పెట్టి, నాలుకతో తడిచేసి అంటించేసింది.

"నా మాట రాయొద్దా?"

"ఖాళీ లేదు," అంది.

బుధవారం పొద్దున పోస్టు పెట్టెలో పడేసింది. శుక్రవారం ల్యాబులో ఒక దవడ పన్ను అంచు అరగదీస్తుంటే ఫోన్ మోగింది. మెసేజీ కాదు, ఫోనే. చేతులనిండా పిండిలాంటి పొడి. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఇదేం కాగితమే అక్కా," అంది గువ్వ. "రంగంతా తాగేసింది. షాపులో ఇంతకన్నా మంచిది దొరకలేదా?"

"దొరికింది."

అవతల షాపులో పని నడుస్తున్నట్టుంది. ఎక్కడో ఎవరో ఒక తీగని సవరిస్తూ మీటినట్టు సన్నటి చప్పుడు, మళ్ళీ ఇంకోసారి.

"మూడేళ్ళు పట్టిందా నీకు?" అంది గువ్వ. ఈసారి గొంతులో నవ్వు లేదు. కోపం ఉంది, నికార్సైన కోపం.

"పట్టింది," అంది కాటా. మూడేళ్ళుగా ఎదురుచూసిన కోపం అది. వింటుంటే ప్రాణం లేచొచ్చింది. "తిట్టు. ఇక్కడ ఎవరూ లేరు, నేనూ ఈ పన్నూ తప్ప."

"ఫోన్‌లో ఏం తిడతాను, బిల్లు దండగ. ఆదివారం తొమ్మిదింటికి తెరవాలి. నువ్వు ఏడింటికే వచ్చెయ్. ఈ షట్టరు తుప్పుపట్టి చచ్చింది, నా ఒక్కదానివల్ల లేవట్లేదు."