తేరిన నీళ్ళు

మా మగ్దలేనా ఏరు ఎప్పుడూ మట్టిరంగే. మా వైపు ఆ నీళ్ళు ముందు కుండలోకి వెళ్తాయి. పటికరాయి మూడు చుట్లు తిరుగుతుంది. ఒక పూట గడుస్తుంది. ఆ తరువాతే గ్లాసులోకి వస్తాయి. కలక నీళ్ళు అతిథి చేతికిచ్చిన ఇల్లు మా రేవులో లేదు.

ఆ మర్యాదే ఎదిల్మా పిన్ని కొంప ముంచబోయింది.

పిన్ని ముప్పై ఏళ్ళుగా రేవు మెట్ల మీద చేపల పొలుసు తీసి అమ్ముతోంది. ఏరు కంపు కొడుతోందని ఊరు గోల పెట్టగా, చేపలు కడిగే నీళ్ళే కారణమని పురపాలక కార్యాలయం అనుమానించింది. సోమవారం విచారణ జరిపి రేవు మూసేస్తామంది. కాదు, ఎగువనున్న కబేళా తూమే కారణమని పిన్ని వాదన. ఆ తూము తెల్లవారుజామున ఒక్క గంట పారుతుంది. పట్నం నుంచి తొలి పడవ పదింటికి గాని రాదు. అందుకే ప్రయోగశాల అమ్మాయి యాదిరా శనివారమే రెండు సీసాలు పిన్ని చేతిలో పెట్టింది.

"ఒకటి తూముకి ఎగువన, ఒకటి మన రేవులో. తూము పారుతున్నప్పుడే, మీరు చేపలు కడగకముందే పట్టాలి పిన్నీ. రెండూ కలపొద్దు."

"ఓసి పిల్లా, నీళ్ళు పట్టడం నాకు నేర్పుతావా?"

సోమవారం యాదిరా వచ్చి సీసాలను వెలుగుకెత్తి చూసింది. రెండూ అద్దంలా ఉన్నాయి.

"ఇది ఏ ఏరు పిన్నీ?"

"మన ఏరే."

"ఇంత తేటగానా?"

"మరి? చదువుకున్నోళ్ళు చూసే నీళ్ళాయె. బురద పంపి పరువు తీసుకుంటానా? నిన్న తూము పారుతుండగానే తెచ్చి, వేరువేరు కుండల్లో పోసి, పటిక తిప్పి, రోజంతా తేర్చి మరీ నింపాను."

పడవ తాడు చుడుతున్న పిన్ని భర్త ఒనోఫ్రె పడీపడీ నవ్వాడు. "పోలీసులొచ్చేలోపు దొంగకి తలంటు పోసి కొత్త చొక్కా తొడిగావే!"

"నోర్ముయ్ ముసలోడా!" అంది గాని, పిన్ని ముఖం పాలిపోయింది.

యాదిరా నవ్వలేదు. "పటిక మురికంతా అడుక్కి లాగేస్తుంది. ఈ నీళ్ళు పరీక్షకి పనికిరావు పిన్నీ. మధ్యాహ్నమే విచారణ."

పిన్ని మెట్టు మీద కూలబడింది. ఏటివంక చూసింది. రేవువంక చూసింది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అడుక్కి లాగేస్తుందా?"

"అవును."

"ఆ అడుగు నేనింకా పారబోయలేదే!"

ఆ మధ్యాహ్నం పురపాలక అధికారి ఎవారిస్తో గారి బల్ల మీద, కాగితాల నడుమ, రెండు కుండలు కొలువుతీరాయి. సీసాల్లోని నీళ్ళు చెల్లవని యాదిరా దాచకుండా చెప్పింది. పిన్ని ఎగువ నీటి కుండను పళ్ళెంలోకి వంచింది: సన్నని ఒండ్రు. రేవు నీటి కుండను వంచింది: ఎర్రని జిగట, తెల్లని కొవ్వు, పశువుల వెంట్రుకలు. గుమాస్తా లేచి కిటికీలన్నీ తెరిచాడు.

"ఇది ప్రయోగశాల నమూనా కాదమ్మా," అన్నాడు అధికారి.

"కాదు బాబూ, మా వంటింటి కుండ. ఇందులో ఒక్క చేప పొలుసు ఏరి చూపించండి. నా కత్తి ఏట్లో పారేస్తాను."

ఆయన పెన్సిలుతో కదిపాడు. నిజంగానే వెతికాడు. చివరికి పెన్సిలు మొనకు వేలాడుతున్న వెంట్రుకను చూస్తూ, "ఈ చేపకి కొమ్ములు కూడా ఉండే ఉంటాయి," అని గొణిగాడు. "రేపు పొద్దున నేనే వస్తాను. పడవ ఉందా?"

"పడవా ఉంది, ముక్కుకి గుడ్డా ఉంది," అన్నాడు ఒనోఫ్రె.

ఆయన, యాదిరా ఆ సాయంత్రం రేవులోనే బస చేశారు. తెల్లవారుతుండగా తూము దగ్గర సీసాలు ఆయనే ముంచాడు; యాదిరా వాటిని ఐసు పెట్టెలో సర్దింది. వారం తిరిగేసరికి ఉత్తరువు వచ్చింది: రేవు నడవవచ్చు; శుద్ధి గుంటలు కట్టేవరకు కబేళా తూము పారరాదు.

ఆ ఉదయం పిన్ని మెట్టు మీద గోనెపట్టా పరిచి, పొలుసులన్నీ దాని మీదే రాలేటట్లు కూర్చుంది.

"గెలిచావుగా, ఇంకా ఇదెందుకే?" అన్నాడు ఒనోఫ్రె.

"కుండలో మన పొలుసు లేదంటే, ఆ పూట మనం ఇంకా మొదలెట్టలేదు గనక. మిగతా పూటల సంగతి ఏటికి తెలుసు, నాకూ తెలుసు. ఊరికే నిలబడక ఆ చేప ఇటు అందుకో."

అతను అందించాడు. రేవు నిండా బేరాల కేకలు లేచాయి.