ఒక వరస పైన నొక్కిన పేరు

జిల్లా పేరు తప్పు రాసుకొచ్చే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. జగదల్‌పూర్ స్టేషన్ రోడ్డులో పదకొండేళ్లుగా ఛాయిస్ సెంటర్ నడుపుతున్నాను. జనం కాగితాలు తెస్తారు, నేను కంప్యూటర్లో ఫారాలు నింపి పెడతాను. ఒకప్పుడు ఇక్కడ ఉన్నది ఒక్కటే బస్తర్ జిల్లా. దాన్ని కోసి కోసి ఏడు చేశారు. ఆ ఏడూ కలిసిన సంభాగ్, అంటే డివిజన్, పేరూ బస్తరే, మిగిలిన ముక్క పేరూ బస్తరే, అందులో ఒక బ్లాకు పేరూ బస్తరే. "ఏ బస్తరయ్యా?" అని రోజుకి పదిసార్లు అరుస్తాను. సంతోషకుమారి అని పేరు పెట్టారు గాని సంతోషంగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదని మా ఆయన అంటాడు.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నా నలుపు నాకు జూలైలో ఒక గురువారం, సాయంత్రం నాలుగూ నలభైకి కనబడింది.

అప్పుడు దుకాణంలో దేవుడమ్మ పిన్ని ఉంది. వాన తగ్గేదాకా కూర్చుంటానని బెంచీ మీద చేరింది. ఆమె భర్త కిరండోల్ రైలు లైనులో, పట్టాలు చూసుకునే కీమేనుగా పనిచేసి పోయాడు. మా నాన్నదీ ఆ లైనే, ఇద్దరూ పాలకొండ వైపు నుంచే వచ్చారు. పిన్నికి చదువు రాదు. ఆమె కాగితం ఏదైనా నేనే నింపాలి, నేను చూపించిన చోట ఆమె వేలిముద్ర వేయాలి. "సంతోషం ముట్టుకున్న కాగితం తప్పు పోదు" అని చర్చిలో అందరికీ చెప్పుకొస్తుంది. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా అర అంగుళం పొడుగయ్యేదాన్ని.

ఆమె కొడుకు ఇమ్మానుయేలు రెండేళ్లుగా పోలండులో, తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అతని పర్మిట్ ఆ గురువారంతో అయిపోతుంది. పొడిగించమని అడిగే ఫారం మూడు వారాల కిందట నేనే నింపి పంపాను. కవరు మీద రాయాల్సిన చిరునామా కూడా నేను పంపిందే. అతను సంతకం పెట్టి పోస్టులో వేశాడు.

ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. కింద, అక్కని అప్ప అని పిలిచే మా వైపు యాసలో అతని గొంతు: "అప్పా, మన కవరు అందినట్టు కార్డు వొచ్చింది. ఇంక బెంగ లేదు కదా? అమ్మకి సెప్పీ."

ఫొటో పెద్దది చేసి కార్డు మీద ముద్ర చదివాను. లుబ్లిన్ అని ఉంది. కవరు వెళ్లాల్సింది అక్కడికి కాదు.

పోలండుని పదహారు ప్రాంతాలుగా పంచారు. మునుపు నలభై తొమ్మిది ఉండేవట. మేం ఇక్కడ ముక్కలు చేసుకుంటున్న రోజుల్లోనే వాళ్లు అక్కడ కలుపుకున్నారు. ఇమ్మానుయేలు ఇంటి ఓనరు ఇచ్చిన పాత కాగితంలో జెలొనాగూరా ప్రాంతం అని ఉంటే, ఆ పేరుతో ఇప్పుడు ప్రాంతం లేదని, అది లుబుస్కెలో కలిసిందని నేనే వెతికి పట్టుకున్నాను. బస్తర్ దాన్ని కదా, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఆ రోజు ఎంత మురిసిపోయానో. తీరా కంప్యూటర్లో జాబితా తెరిస్తే, లుబుస్కెకి సరిగ్గా ఒక వరస పైన లుబెల్స్కె ఉంది. లుబ్లిన్ దాని ముఖ్యపట్టణం. తెలుగులో రాస్తే గట్టిగా రెండక్షరాల తేడా. నేల మీద మాత్రం ఒకటి జర్మనీ పక్కన, ఒకటి ఉక్రెయిన్ పక్కన. నేను పై వరస నొక్కాను. ఆ తరవాత చిరునామా కూడా దాన్నే పట్టుకుని వచ్చింది.

ఎప్పుడు నొక్కానో కూడా గుర్తొచ్చింది. దోర్నపాల్ నుంచి బుధ్రా అనే రైతు వచ్చాడు ఆ రోజు. అతని కాగితంలో సుక్మా జిల్లా అని ఉండాల్సిన చోట దంతెవాడ అని ఉంది. "కళ్లు పెట్టుకుని చూడవా?" అని అరిచాను. "నేనేం జేయాలె మేడం. ఊరు ఆడనే ఉంది, జిల్లానే మారింది" అన్నాడు. నా నోరు అతని మీద ఉంది, నా చెయ్యి ఇమ్మానుయేలు ఫారం మీద ఉంది.

ఇక్కడ నాలుగూ నలభై అంటే అక్కడ ఒంటిగంటా పది. రెండింటికి అతని షిఫ్టు. లోపలికి వెళ్లేముందు ఫోను లాకర్లో పెట్టేస్తారు, మళ్లీ చేతికొచ్చేది రాత్రి పదింటికి. సరైన ఆఫీసుకి రాసిన కవరు మీద ఈ రోజు తేదీతో పోస్టు ముద్ర పడితే చాలు, కానీ పదింటికి పోస్టాఫీసు ఉండదు, పర్మిటూ ఉండదు. సుక్మా కాగితం దంతెవాడ ఆఫీసులో పడితే దాని గతేమవుతుందో నాకు తెలుసు. మూడు నెలలు బల్ల కింద ఉండి, "మా పరిధి కాదు" అన్న ముద్రతో తిరిగొస్తుంది. అక్కడ వేరుగా ఉంటుందని నమ్మడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. అందుకే ఫోన్ చేశాను.

"ఇమ్మానుయేలూ, కవరు వేరే ఆఫీసుకి ఎల్లిపోనాది. సైట్లో ఏదో తేడా వచ్చింది. కొత్త ఫారం పంపిస్తాను, ఇప్పుడే పోస్టు చెయ్యాలి."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. ముందే నోట్లో పెట్టుకున్నట్టు, నోరు తెరవగానే బయటికొచ్చింది.

"సైటు తప్పయితే ఆళ్లే సరిజేసీత్తారు కదప్పా. కార్డు కూడా వొచ్చింది. సెప్పకండా షిఫ్టు మానితే ఫోర్‌మేను పేరు కొట్టీత్తాడు. రేపు సూద్దాం" అని పెట్టేశాడు.

పిన్ని నా మొహం చూస్తోంది. "ఏటయ్యిందమ్మీ?"

"ఏం లేదు పిన్నీ. సైటు..."

"సైటంటే ఎవులు? ఆడితో నాను మాటాడతాను, బతిమాలతాను. ఇలగివ్వు ఫోను."

కంప్యూటరు వైపు తిరిగి కొత్త ఫారం తెరిచాను. సగంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు పై ప్రాణాలు పైనే పోయాయి. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన ఊరు కిరండోల్. ప్రాంతం దగ్గరికి వచ్చేసరికి తెర మీద వేలు పెట్టి అక్షరం అక్షరం పైకి చదివి నొక్కాను.  

ఫారం అయ్యేసరికి ఐదూ పది. పంపించి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళుతుంటాడు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. ఐదూ ఇరవై రెండుకి ఎత్తాడు. వెనకాల ఇనప గేటు చప్పుడు.

"అప్పా, లోపలికెల్లిపోతన్నాను."

ఇంకోసారి సైటు అంటే వెళ్లిపోతాడు. ఆ సైటుని నమ్మే వెళ్లిపోతాడు. పిన్ని ఎదురుగా ఉంది. ఆమె లేకుండా చెప్పగలిగితే బాగుండుననిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"సైటు కాదు. నేను. నేనే తప్పు నొక్కేను. ఒక వరస పైన నొక్కేను."



"నువ్వా?" అన్నాడు.

"నేనే. కాగితం దేశం ఆ చివర ఉంది. ఇయ్యాల నువ్వు సరైన ఆఫీసుకి పోస్టు చెయ్యకపోతే రేపు నీ చేతిలో ఏమీ ఉండదు. గేటు దగ్గర నుంచి ఎనక్కి తిరుగు. నీ ఫోనుకి పంపిన ఫారం ప్రింటు తీసి, సంతకం పెట్టి పోస్టులో వెయ్యి."

"ఫోర్‌మేనుకి ఏటని సెప్పను?"

"మా అప్ప తప్పు రాసింది అని సెప్పు. నా పేరు కూడా సెప్పు."

"ఎక్కడికి పంపాలి? జెలొనాగూరాకేనా?"

"కాదు. ఆ ప్రాంతానికి రెండు రాజధానులు. జెలొనాగూరాలో సభ కూర్చుంటుంది, పర్మిట్లు చూసే గవర్నరు ఆఫీసు గోజుఫ్‌లో. గోజుఫ్ అని రాయి. పలుకు."

"గోజుఫ్."

"అక్షరాలు చెప్పు."

ఒక్కొక్కటే చెప్పాడు. తరవాత పరుగెడుతున్నట్టు శబ్దం వచ్చి, లైను తెగిపోయింది.

వాన ఆగింది, పిన్ని కదల్లేదు. షట్టరు సగం దించి నేనూ కూర్చున్నాను. ఆరైంది. ఆరున్నరైంది. మధ్యలో ఇద్దరు ఆధార్ కోసం వస్తే రేపు రమ్మన్నాను. అరవకుండా చెప్పాను.

"తిట్టు పిన్నీ" అన్నాను ఉండలేక.

"నానేటి తిడతాను. నాకు సదువొచ్చా?" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది. అంతకంటే నా చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆరూ యాభైకి ఫొటో వచ్చింది. పోస్టాఫీసు రసీదు, దాని మీద ఆ రోజు తేదీ ముద్ర. గోజుఫ్ అన్న పేరు మూడుసార్లు చదివి పిన్నికి చూపించాను. ఆమె తెరని కాసేపు చూసింది. "ఇది మంచిదేనా?" అంది. మంచిదే అన్నాను. "ఫోర్‌మేను?" అంది. ఆలస్యంగానైనా పనిలోకి రమ్మన్నాడని ఇమ్మానుయేలు రాసింది చెప్పాను. తల ఊపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సోమవారం పింఛను ఫారం తీసుకుని వచ్చింది. అసలు వస్తుందనుకోలేదు. మరొక మాట లేకుండా గబగబా నింపి, సిరా పెట్టె తెరిచి, వేలు కోసం చెయ్యి చాపాను. పదకొండేళ్లుగా అలాగే చాపుతున్నాను.

పిన్ని చెయ్యి ఒళ్లోనే ఉంది.

"ముందు సదువు" అంది.

పేరు చదివాను. భర్త పేరు చదివాను. పుట్టిన ఊరు పాలకొండ, జిల్లా శ్రీకాకుళం.

"ఆగు. ఇప్పుడది సికాకుళం కాదంట కదా. పార్వతీపురంలో కలిపేరని మా తమ్ముడు సెప్పేడు."

నిజమే. నాలుగేళ్ల కిందటే మారింది. నాకు తెలుసు కూడా. చేతికి వచ్చింది వచ్చినట్టు రాసేశాను. కొట్టేసి, పార్వతీపురం మన్యం అని రాసి, సిరా పెట్టె ఆమె వైపు జరిపాను.

"ఇంకోపాలి సదువమ్మీ" అంది పిన్ని మెల్లగా. "అంతా."

ఫారం చేతిలోకి తీసుకుని, ఆమె పేరు దగ్గర నుంచి మళ్లీ చదివాను.