ఎద్దుకిచ్చిన సెలవు

నాలుగో ఆజ్ఞలో భార్య లేదు. కొడుకున్నాడు, కూతురుంది, దాసుడున్నాడు, దాసి ఉంది, ఎద్దుంది, గాడిదుంది, ఇంటికొచ్చిన పరదేశి కూడా ఉన్నాడు. ఏడో రోజున, అంటే విశ్రాంతి దినాన, వీళ్ళెవరూ పని చెయ్యకూడదు. భార్యని దేవుడు మరిచిపోయాడో, రాసినవాడు మరిచిపోయాడో, ఆ రోజు కూడా ఎవరో ఒకరు వండాలి కదా అని కావాలనే వదిలేశారో తెలియదు. లేదన్నది మాత్రం నిజం. ఎవరు కావాలన్నా బైబిలు తీసి చూసుకోవచ్చు.

కనకరత్నం ఆ సంగతి కనిపెట్టింది ఒక ఆదివారం పొద్దున. 1966, బాపట్ల. ఆమె వంటింట్లో పీట వేసుకుని మూడు కోళ్ళకి సరిపడా మసాలా నూరుతోంది. భర్త లాజరు ఊళ్ళోని వేదశాస్త్ర పాఠశాలలో పాత నిబంధన చెప్పే మాస్టారు. ఆరాధన అయ్యాక సంఘపెద్దలు ఎనిమిదిమంది వాళ్ళింటికే భోజనానికి రావడం ఆనవాయితీ. అందుకని పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్క ప్రసంగమూ చివరిదాకా వినలేదు. రెండో పాట కాగానే లేచి వచ్చి ఎసరు పెట్టాలి.

గుమ్మంలో ఏడేళ్ళ కూతురు సలోమి సండేస్కూల్లో అప్పజెప్పడానికి ఆజ్ఞలు బట్టీ పడుతోంది. నూరే చెయ్యి ఆగింది.

"ఒకళ్ళని వదిలేశావే. ఇంకోసారి చెప్పు."

"లేదమ్మా. అంతే ఉంది."

పిల్ల మళ్ళీ చెప్పింది. మళ్ళీ అంతే. కనకరత్నం చెయ్యి కడుక్కుని వచ్చి పుస్తకంలో వేలు పెట్టి చూసింది. కడుక్కున్నా వేలికి పసుపు పోలేదు, పేజీకి అంటింది. భార్య అన్న మాట మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఆ మధ్యాహ్నం వడ్డిస్తూ భర్తనే అడిగింది, పెద్దలందరి ముందూ. లాజరుకి ముద్ద మింగేంత సేపు కూడా పట్టలేదు. భార్యాభర్తలు ఏకశరీరమనీ, భర్తకి చెబితే భార్యకి చెప్పినట్టేననీ అన్నాడు. పెద్దలు తలలూపారు.

"అయితే మీరు కూర్చుంటే నేను కూర్చున్నట్టేనాండి?"

"పెరుగు తే," అన్నాడు లాజరు.

వంటింట్లో అత్తగారు దానమ్మ అంతా విన్నది. చెరుకుపల్లి చేలల్లో కూలికెళ్ళి కొడుకుని పెంచిన మనిషి. "ఎద్దు దున్నుద్ది కాబట్టి ఎద్దుకి సెలవిచ్చాడు దేవుడు. నువ్వేం దున్నుతున్నావే?" అంది. కనకరత్నానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే పెరుగు తీసుకెళ్ళింది.

ఆమెకి కోపం రాలేదు. కోపమైతే నాలుగు రోజుల్లో చల్లారేది. ఇది తెలుసుకోవాలన్న కోరిక, చెప్పులో ఇసుకరేణువులాగా నడిచినప్పుడల్లా తగులుతుంది. గిన్నెలు తోముతూ ఆలోచించేది. ఈ వరుస ముందు మనది కాదు. యూదులది. వాళ్ళ ఇళ్ళలో వేల ఏళ్ళుగా దీన్ని చదువుతున్నారు. ఆ ఇళ్ళలోనూ వండేది ఆడవాళ్ళే అయ్యుంటుంది. వాళ్ళలో ఒక్కతైనా పొయ్యి ముందు నుంచి తలెత్తి, మరి నా సంగతేంటి అని అడిగి ఉండదా? అడిగితే ఏం చెప్పి ఉంటారు? లాజరు పదకొండేళ్ళుగా యూదుల గురించి పాఠం చెబుతున్నాడు. చెరుకుపల్లి వీధిబడిలో ఐదు చదివి, మిషను హాస్టల్లో పెరిగి, పై చదువులు చదివి వచ్చినవాడు. నోట్సు ఆరు పుస్తకాలుంది. కానీ ఒక్క యూదుణ్ణి చూసి ఎరగడు. బాపట్లలో ఎవరూ ఎరగరు. వాళ్ళ లెక్కలో యూదులంటే పుస్తకంలో పుట్టి పుస్తకంలోనే అయిపోయినవాళ్ళు. ఆమెకి మాత్రం ఒక మామూలు సంగతి తట్టింది. వాళ్ళింకా ఉన్నారు. ఉన్నవాళ్ళని అడగొచ్చు.

లాజరు బీరువా దులిపేది ఆమే. అందులో ఒక పాత పత్రికలో కొచ్చిన్‌లోని యూదుల ప్రార్థనా మందిరం గురించి నాలుగు పేజీలున్నాయి. రేపల్లెలో పుట్టింట ఉండగా చదివిన ఎస్సెల్సీ ఇంగ్లీషుతో ఒక ఉత్తరం రాసింది. మందిరం పెద్దగారికి అని పైన రాసి డబ్బాలో వేసింది.

తొమ్మిది వారాలకి జవాబొచ్చింది. పోస్టుమాన్ హనుమయ్య కవరు తిప్పి తిప్పి చూశాడు.

"కొచ్చిన్ నుంచమ్మా. అక్కడ చుట్టాలున్నారా?"

"ఉన్నారేమో హనుమయ్యా. కనుక్కుంటున్నా."

రాసినాయన ఏలియాస్, రిటైరైన స్కూలు మాస్టారు. తమ పెద్దలు చెప్పే సమాధానం కూడా మీవారు చెప్పినదేనని ముందే ఒప్పుకున్నాడు. 'అయితే సమాధానం వచ్చినంత మాత్రాన ప్రశ్న పోదు,' అని రాశాడు. 'అరవై ఏళ్ళుగా ఆ వరుస చదువుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. మీ ఉత్తరం మా ఆవిడ రెబెక్కాకి చదివి వినిపించాను. ఆమె నవ్వి, తనకు పదేళ్ళప్పుడే తట్టిందని చెప్పింది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, మీరెప్పుడడిగారు అంది.' తమ ఇంట్లో శుక్రవారం పొద్దుగుంకే లోపల వంట ముగుస్తుందనీ, దీపం వెలిగించేది రెబెక్కాయేననీ, ఆ దీపం వెలిగాక మర్నాటి సాయంత్రం దాకా పొయ్యి ముట్టించరనీ చివర రాశాడు. రెబెక్కా కూడా కూర్చుంటుంది.

ఆ మాట దగ్గర కనకరత్నం చాలాసేపు ఆగింది. ఆరు రోజుల పని గడిచాక ఒక ఆడది కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో గరిటె లేదు.

అలా మొదలైంది. ఏడాదికి నాలుగైదు ఉత్తరాలు. లాజరుకి చెప్పింది. కొచ్చిన్‌లో అన్నగారు దొరికాడన్నమాట అని నవ్వి వదిలేశాడు. పాలు పొంగే లోపల అతని పాత వాచకంలోంచి యూదుల హెబ్రీ అక్షరాలు ఒక్కొక్కటే నేర్చుకుంది. మూడేళ్ళకి వాక్యం కూడబలుక్కునేంత వచ్చింది. తప్పులు ఏలియాస్ మాస్టారు ఎర్రసిరాతో దిద్ది పంపేవాడు. ఒకసారి ఆయన తన బాధొకటి రాశాడు. మందిరంలో ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు కూడాలి. ఒక్కో కుటుంబమే ఓడెక్కి ఇజ్రాయెల్ వెళ్ళిపోగా ఊళ్ళో తొమ్మిదిమంది మిగిలారు. పదో మనిషి కోసం వీధి చివర చూస్తూ కూర్చుంటున్నారు. కనకరత్నం వెంటనే రాసింది. రెబెక్కమ్మగారు పక్కనే ఉన్నారు కదా, పదో మనిషిగా పనికిరారా? జవాబులో ఒకటే వాక్యం. 'మా ఆవిడా అదే అడుగుతోంది, నా దగ్గర జవాబు లేదు.' జవాబు లేదని ఒప్పుకున్న మగవాణ్ణి ఆమె అప్పటిదాకా చూడలేదు. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుంది.

1972లో పాఠశాల ప్రిన్సిపాలు రిటైరవుతున్నాడు. తెనాలిలో సంఘాల వేదపండితుల సభ పెట్టారు. క్రైస్తవులు యూదులతో ఎలా మాట్లాడాలి అన్నది విషయం. ఆ సభలో మెప్పు పొందినవాడిదే కుర్చీ అని అందరికీ తెలుసు. లాజరు అప్పుడడిగాడు ఉత్తరాల కట్ట. ఆమె సంతోషంగా ఇచ్చింది. వారం తర్వాత వ్యాసం ఆమె ఒళ్ళో పడేసి ఫెయిర్ కాపీ చెయ్యమన్నాడు.

ఆమె వంటింటి గడప మీద కూర్చుని రాసింది. 'ఒక యూదు పండితునితో నేను జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలలో' అని ఉంది. రాసింది. ఆ 'నేను' ఆమెని పెద్దగా బాధించలేదు. అలవాటైన సంగతి. నాలుగో పేజీలో కలం ఆగింది. వారి మందిరంలో నేడు తొమ్మిదిమందే మిగిలారనీ, స్త్రీని లెక్కలోకి తీసుకోని మతం ఎండిపోక తప్పదనీ, స్త్రీకి విశ్రాంతినిచ్చింది క్రైస్తవ గృహమేననీ ఉంది.

కాగితం పట్టుకుని అతని గదిలోకి వెళ్ళింది.

"ఈ ముక్క తీసెయ్యండి."

"ఏం?"

"వాళ్ళు నమ్మి చెప్పుకున్న బాధండి అది. దాన్ని పట్టుకుని వాళ్ళనే కొడుతున్నారు. ఆవిడ కూర్చుంటుందని కూడా ఆ మాస్టారు రాశారుగా ఉత్తరంలో. అది మీరు రాయలేదు."

"నువ్వు కాపీ చెయ్యి రత్నం. ఆలోచించటం నేను చేస్తా."

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. కాపీ చేసింది. చక్కని చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. ఆరేళ్ళుగా తనకి దాపరికం లేకుండా జవాబు చెప్పిన ఇద్దరు ముసలివాళ్ళ మీద నింద, తన చేతి మీదుగానే, గుండ్రటి అక్షరాల్లో. ఆ రోజు చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. దానమ్మ అప్పటికి పోయి రెండేళ్ళు, ఎవరూ తిట్టలేదు.

తెనాలి సభ శనివారం, చర్చి బడి హాల్లో. ముందు నలభైమంది మగవాళ్ళు. వెనక ఏడుగురు ఆడవాళ్ళు, కాఫీలివ్వడానికి. సలోమి తల్లి పక్కన కూర్చుంది, పదమూడేళ్ళ పిల్ల. లాజరు బాగా చదివాడు. ఎండిపోక తప్పదన్న చోట గొంతు పెంచాడు. చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు ఆదాము అయ్యగారు, పెద్దవయసాయన, ప్రశ్నలున్నాయా అని ముందువరుసల కేసి చూశాడు.

కనకరత్నం గ్లాసుల పళ్ళెం కింద పెట్టి నిలబడింది. పక్కనున్నావిడ కొంగు పట్టి లాగింది. అందరూ వెనక్కి తిరిగేదాకా ఆగింది.

"నాదొక ప్రశ్నండి. వాళ్ళ విశ్రాంతి దినాన వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. ముందురోజే వండుకుంటారు. ఇంటావిడ కూడా కూర్చుంటుంది. మన ఆదివారం మన ఇళ్ళలో అలా జరుగుతుందాండి?"

ముందువరుసలో ఎవరో నవ్వారు. లాజరు కాగితాల్లోకి చూశాడు. అక్కడేమీ లేదని ఆమెకి తెలుసు. రాసింది తనే.

"వాళ్ళు ఆడవాళ్ళని లెక్కపెట్టరన్నారు. నిజమే, వాళ్ళూ ఒప్పుకున్నారు. మన సంఘం కమిటీలో పన్నెండుమంది ఉన్నారు. అందులో ఆడమనిషి ఎవరండి?"

ఆదాము అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాళ్ళ ఇళ్ళ సంగతి నీకెలా తెలుసు తల్లీ?"

"వాళ్ళనే అడిగానండి."

ఆ హాల్లో యూదుల మీద పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. నలభైమందిలో ఒక్కడికీ ఆ పని తోచలేదు. ఆదాము అయ్యగారు కుర్చీ వెనక్కి జరిపి, ముందుకు రమ్మన్నాడు. ఆమె అరగంట మాట్లాడింది. ఏలియాస్ మాస్టారు చెప్పింది చెప్పినట్టే వినిపించింది, ఆయన తెలియదన్నది తెలియదనే చెప్పింది. భర్త పేరెత్తలేదు. ఎత్తనవసరం లేకపోయింది.

సాయంత్రం తెనాలి స్టేషన్ నుంచి రెండు బళ్ళున్నాయి. ఒకటి బాపట్లకి, ఒకటి రేపల్లెకి. బాపట్ల బండి రాగానే లాజరు పెట్టె అందుకున్నాడు.

"రేపు ఆదివారం," అన్నాడు.

"అవునండి."

"పెద్దలొస్తారు. పదిమంది."

"వస్తారండి. మేం అమ్మ దగ్గరికెళ్ళి సోమవారం వస్తాం."

అతను ఆమె మొహంలోకి చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి అంతసేపు చూసింది అప్పుడే. ఆమె సలోమి చెయ్యి పట్టుకుని రేపల్లె బండెక్కింది.

మర్నాడు పుట్టింట్లో ముందురాత్రి చద్దన్నం, పెరుగు, మాగాయ. పొయ్యి ముట్టించలేదు. కనకరత్నం నులకమంచం మీద కూర్చుంది. ఒక గంట దాకా చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. తర్వాత ఇన్లాండ్ కవరు తీసుకుని రాసింది. మీ మాటని నా చేత్తోనే తప్పుగా రాశాను, నలుగురిలో నా నోటితోనే దిద్దుకున్నాను, క్షమించండి. రెబెక్కమ్మగారిని ఇంకొకటి అడగాలి. ఆ రోజు అలా కూర్చున్నప్పుడు ఆవిడ దేని గురించి ఆలోచిస్తుంది?

ప్రిన్సిపాలు కుర్చీ లాజరుకి రాలేదు. మరుసటి జూన్‌లో పాఠశాలవాళ్ళు కనకరత్నాన్ని వారానికి మూడు రోజులు హెబ్రీ చెప్పమని అడిగారు. ఐదేళ్ళు చెప్పింది. తెనాలి సభ తర్వాత ఆదివారాలు ఏ పెద్దా భోజనానికి రాలేదు. 1978లో కామెర్లతో పోయింది.

ఆమె పాఠాలు అచ్చువేద్దామని ఇద్దరు శిష్యులు లాజరు దగ్గరికి వచ్చారు. ఆ రోజు తెనాలిలో అమ్మగారు ఏం మాట్లాడారో మీ మాటల్లో కావాలండి, ముందుమాటలో వేస్తాం అన్నారు. ఆయన లోపలికెళ్ళి ఉత్తరాల కట్ట తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టాడు.

"ఇవి ఆవిడవి. తీసుకెళ్ళండి. తెనాలి సంగతి నన్నడక్కండి. ఇప్పుడు చెప్పను, ఇంకెప్పుడూ చెప్పను," అని తలుపేసుకున్నాడు.