కెనడావాళ్ళ తోట

మా ఆయన క్రీస్తుదాసు గారికి రిటైరయ్యాక ఖర్జూరం పిచ్చి పట్టుకుంది. పిచ్చి అని నేనంటాను. ఆయన మాత్రం విజన్ అంటారు.

కెనడాలో, ఆటవా పక్కనున్న కనాటాలో ముప్ఫై ఏళ్ళు టెలికాం కంపెనీలో పనిచేసిన మనిషికి ఇంట్లో ఏమీ తోచక కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మా స్నేహితులు రామమోహనరావు గారు వచ్చి ఆ విజన్ అంటించి వెళ్ళారు. అనంతపురం జిల్లాలో, ఇసుక దిబ్బలు ఏటేటా పొలాల మీదికి జరిగే చోట, నలభై ఎకరాలు చవగ్గా వస్తున్నాయట. ఎడారి నేలలో ఎడారి పంటే వేద్దామన్నారు. ఆటవా, వాన్, ఎడ్మంటన్ ఊళ్ళలో ఉన్న పన్నెండు తెలుగు కుటుంబాలం కలిశాం. కాగితాల మీద అక్కడి బంధువుల పేర్లు, పెట్టుబడీ పెత్తనమూ మావి. ఇంటికొకటి చొప్పున పన్నెండు బోర్లు వేయించాం, ఒక్కోటి తొమ్మిది వందల అడుగులు. ఎడారిలో పన్నెండు నీటి బుగ్గలున్న చోటు పేరు ఏలీము అని సండే స్కూల్లో నేర్చుకున్నది మా ఆయనకు గుర్తొచ్చి తోటకు ఆ పేరే పెట్టేశారు. మా పన్నెండిళ్ళ కమిటీలో హిందువులు కూడా బాగుందన్నారు.

నాది నరసాపురం, ఆయనది అవనిగడ్డ. ఇద్దరం కాలవల్లో ఈదులాడి పెరిగినవాళ్ళమే. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయని అడిగే అలవాటు మా రెండు వంశాల్లోనూ లేదు.

తోట పెత్తనమంతా ఫోనులోనే జరిగేది. వేసవిలో ఇక్కడ సాయంత్రం ఎనిమిదిన్నరైతే అక్కడ పొద్దున్న ఆరు, పొలాలకు కరెంటు వదిలే వేళ. భోజనం, కుటుంబ ప్రార్థన అయ్యాక, ఆమెన్ అన్న నోటితోనే మా ఆయన "మోటర్లు" అనేవారు. మా డైనింగ్ టేబుల్ మీద వేలు నొక్కితే అక్కడ పన్నెండు మోటర్లూ తిరిగేవి. కెమెరాలో చెట్ల మొదళ్ళు తడవడం చూసి ఆయన మొహం వెలిగిపోయేది. మా అబ్బాయి ఆరన్ పుట్టినప్పుడు కూడా ఇంత సంబరం నేను చూడలేదు.

ఇషిత మా బేస్‌మెంట్‌లోకి వచ్చింది రెండు వేల ఇరవై రెండు సెప్టెంబరులో. ఆ ఏడాది కనాటాలో ఏ బస్సెక్కినా మన పిల్లలే, వీపున బ్యాగు, చేతిలో రెజ్యూమే. ఈ పిల్లది అనంతపురం. పగలు కాలేజీ, సాయంత్రం ఏడింటిదాకా కాఫీ షాపులో పని, శనివారాలు కూడా. మొదటి నెల అద్దెకున్న పిల్ల, రెండో నెలకి మా టేబుల్ దగ్గర అన్నం తినే పిల్లయింది. మంచు పడ్డ రోజు షిఫ్టు నుంచి ఆలస్యమైతే మా ఆయన కారు తీసుకుని బస్ స్టాపు దగ్గర కాపలా కాసేవారు. సొంత కొడుకు హాకీ ప్రాక్టీసుకి నేను వందసార్లు చెబితే గానీ కదలని మనిషి.

అయితే ఆ పిల్లకో జబ్బుండేది. పళ్ళు తోముకుంటూ కుళాయి కట్టేస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయనివ్వదు, టొమాటో మొక్కలకు మోసుకెళ్తుంది. మా ఆయన లాన్‌కి స్ప్రింక్లర్ పెడితే పావుగంటలో వెళ్ళి ఆపేస్తుంది. నీళ్ళ బిల్లు మేమే కడుతున్నాం కదమ్మా అంటే, "పారతా ఉంటే చూల్లేను ఆంటీ" అంది. పీనాసి ఇంట్లో పుట్టిందేమోలే అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

మీ జిల్లాలోనే మా తోట అని మా ఆయన మొదట్లోనే చెప్పి మురిసిపోతే, జిల్లా చానా పెద్దది అంకుల్ అని ఊరుకుంది. ఆయనకి కళ్ళజోడు కనబడని రోజు, అంటే వారానికి ఐదు రోజులు, "ఇషితా, కాస్త నొక్కమ్మా" అనేవారు. పిల్ల నొక్కేసి, వెంటనే ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడేది. తల్లి మీద బెంగ అనుకుని నేను ఆ వైపు వెళ్ళేదాన్ని కాదు.

మే నెలలో ఒక శనివారం పొద్దున్న, పిల్ల పనిలో ఉండగా, వాళ్ళమ్మ ఈశ్వరమ్మ గారు నాకు ఫోన్ చేశారు. అత్యవసరానికని నా నంబరు ఇషితే ఇచ్చిందట. భర్త పోయాక నాలుగెకరాల చీనీ తోట ఒక్కతే చూసుకుంటోందని నాకు తెలుసు. చీనీ అంటే మనం బత్తాయి అంటామే, అదే. రెండు వందల నలభై చెట్లు, ఎనిమిదేళ్ళవి. ఆ తోట మీదే పిల్లని చదివిస్తోంది.

బాగోగులయ్యాక ఆమె అసలు సంగతి చెప్పింది. బోరు పది నిమిషాలు నీళ్ళు పోసి తర్వాత గాలి కక్కుతోందట. ట్యాంకర్లు తోలించినా అరవై చెట్లు ఎండిపోయాయట. ఈ నెల గడవకపోతే మిగతావీ దక్కవట.

"కొండకు ఆ పక్క కెనడావోళ్ళ తోట పడిందక్కా," అంది. "పన్నెండు బోర్లేసినారు. మీరుండేదీ కెనడానే గదా, వాళ్ళేమన్నా ఎరుకేమో అని. మా పిల్లనడిగితే కెనడా చానా పెద్దదిమా అంటాది."

ముప్ఫై ఏళ్ళుగా ఇండియా నుంచి ఎవరో ఒకరు నన్ను ఇలాగే అడుగుతున్నారు. కెనడాలో ఉంటారు కదా, మా బావమరిది తెలుసా, మా మేస్టారి కూతురు తెలుసా అని. ఫోను పెట్టేశాక మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. మొట్టమొదటిసారి ఆ ప్రశ్నకి తెలుసు అన్న జవాబు నా దగ్గరుంది, అది నోట్లోంచి రాలేదు. కనుక్కుంటానండీ అని తేలు కుట్టిన దొంగలా ఫోను పెట్టేశాను.

మా ఆయన లాన్‌లో ఉన్నారు. చెప్పాను. మొదట ఆయనలోని ఇంజనీరుగారు మాట్లాడారు. పర్మిషన్లన్నీ ఉన్నాయన్నారు. ఆమెది మూడు వందల అడుగుల బోరు, మనవి తొమ్మిది వందలు, ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరన్నారు.

"మధ్యలో గోడ కట్టించారా?" అన్నాను.

ఆయన స్ప్రింక్లర్ ఆపి లోపలికి వచ్చి, చాలాసేపు తోట మ్యాపు ముందేసుకు కూర్చున్నారు. నా మొగుడిలో నాకు నచ్చేది ఇదే. ముందు వాదిస్తారు, తర్వాత సిగ్గుపడతారు, ఆ తర్వాత లెక్క చూస్తారు. కొండ వైపు ఆరు బోర్లున్నాయనీ, పది రోజులు వాటిని ఆపితే ఆమె బోరే నిజం చెబుతుందనీ అన్నారు. ఆ ఏడాది కమిటీ మోటర్లు ఆయన చేతిలోనే పెట్టింది కాబట్టి ఎవర్నీ అడగలేదు. పిల్లకి కూడా చెప్పొద్దన్నారు. తేలకుండా ఆశ పెట్టకూడదట.

ఆ సాయంత్రం ఆయన కళ్ళజోడు వెతుక్కుని తనే నొక్కారు, ఆరంటే ఆరు. ఇషిత పక్కనుంచి స్క్రీను చూసింది. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకి రామమోహనరావు గారు ఫోన్ చేశారు. గెలలు వాడుతున్నాయట, మోటర్లు చెడిపోయాయా అని. చూస్తున్నాం అన్నారు మా ఆయన. అబద్ధం కాదు, నిజంగా చూస్తూనే ఉన్నారు. భోజనం దగ్గర రోజూ అదో మాదిరిగా గొంతు పెట్టి, అమ్మ ఏమంటోందమ్మా, వానలేమన్నా పడ్డాయా అని అడిగేవారు. ఆ నటనకి నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఏడో రోజు ఇషిత పెరట్లోంచి లోపలికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. వాళ్ళమ్మ బోరు రెండు గంటలు ఆగకుండా పోసిందట. చెబుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మాకు తెలిసిపోయిందని దానికి అర్థమైంది. దానికి ముందే తెలుసని మాకూ అర్థమైంది.

మా ఆయన తల వంచుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, దగ్గరున్న పిల్ల మీద పడింది. ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడిగాను. కెమెరాలో కొండ చూసినప్పుడే పోల్చుకుందట. జనవరి నుంచి.

"అయిదు నెలలు. మా పక్కన కూర్చుని, నీ చేత్తో నొక్కుతూ... ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

"చెప్తే మీరు ఆపుతారో లేదో నాకు తెల్దు ఆంటీ," అంది. "ఆపకపోతే మీరు ఎట్లాంటోళ్ళో నాకు తెల్సిపోతాది. ఆ తర్వాత ఈడ అన్నం ఎట్ల తినేది?"

ఎంత మాటంది. అయిదు నెలలు కన్నతల్లి తోటని ఒక పక్క, మమ్మల్ని ఒక పక్క పెట్టుకుని, ఇద్దర్లో ఎవర్నీ పోగొట్టుకోలేక నలిగిపోయింది ఆ పిల్ల. దగ్గరకు తీసుకుని నేనూ ఏడ్చాను. మా ఆయన స్టవ్ మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని నిలబడ్డారు.

కమిటీ మీటింగు జూమ్‌లో జరిగింది. మా ఆయన పది రోజుల లెక్క చూపించారు. రెండు గంటలు రభస. మన చెట్లు మనకి ముఖ్యం కాదా అన్నారొకరు. దాతృత్వానికి వేరే సంస్థలున్నాయి అన్నారింకొకరు. చివరికి మా ఆయన, మా ఇంటి బోరు ఎలాగూ మూసేస్తున్నాం, కొండ వైపున్న మిగతా ఐదిళ్ళవాళ్ళూ ఆలోచించుకోండి, ఆవిడ కూతురు మా ఇంట్లోనే ఉంది, కావాలంటే పిలుస్తాను, ఈ మాటలే ఆ పిల్ల మొహం చూసి చెప్పండి అన్నారు. ఎవరూ పిలవమనలేదు. ఓట్లు ఎనిమిదికి నాలుగు. ఆరు బోర్లు శాశ్వతంగా మూత. ఆ పక్క ఖర్జూరం చెట్లు పోతే పోనీ అని తీర్మానం. రామమోహనరావు గారు మాకు రెండు వారాలు ఫోన్ చేయలేదు.

ఇక మిగిలింది ఈశ్వరమ్మ గారికి చెప్పడం. నీళ్ళొచ్చాయి కదా, ఇంకెందుకు ఆంటీ అంది ఇషిత. వీల్లేదన్నాను. ఆమె నన్ను నోరారా అక్కా అంది. ఆ ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేశాం. అక్కడ తెల్లవారింది, ఆమె మోటరు దగ్గరే ఉంది. ఫోను ఇషిత పట్టుకుంది, మా ఆయన నా వెనక నక్కారు.

ఈశ్వరమ్మ గారూ, ఆ కెనడావాళ్ళం మేమేనండీ అన్నాను. మా ఆయన గొంతు సవరించుకుని, క్షమించమ్మా, ఇక్కణ్ణుంచి మోటర్లు వేసింది నేనే అన్నారు.

తిడుతుందనుకున్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అక్కా," అంది. "రోజూ తెల్లారి ఈడ నిలబడి మన్ను చల్లినానే. ఆ మోటరేసే చెయ్యి పడిపోను అని ఎల్లమ్మకు మొక్కినానే."

చర్చిలో పెద్ద, సైన్సు చదివిన మనిషి, మా ఆయన నెమ్మదిగా తన కుడి భుజం తడుముకున్నారు. జనవరి నుంచి పట్టేసింది అది. ఫిజియోథెరపీకి వెళ్తున్నారు. నేను అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. ఆమె మాత్రం చేతులు జోడిస్తోంది. తెలీక అనినా సామీ, ఈ పొద్దే గుడికి పోయి మాట వాపసు తీసుకుంటా, నా బిడ్డకు అన్నం పెట్టినోళ్ళని నేనెట్ల తిడతా అంటోంది. తప్పు చేసింది మేము, దండం పెడుతోంది ఆమె. ఆ సిగ్గు నాకిప్పటికీ పోలేదు.

అప్పుడు ఇషిత ఫోను తన వైపు తిప్పుకుంది.

"అమ్మా. నేను గూడా ఏసినా."

ఈశ్వరమ్మకి అర్థం కాలేదు. ఏందే అంది.

"అంకులుకు కండ్లద్దాలు లేనప్పుడు నేనే నొక్కినా. చానా తూర్లు. తెల్సే నొక్కినా."

అక్కడ మోటరు తిరుగుతూనే ఉంది, పైపులో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆమె జోడించిన చేతులు విడిపోయాయి. కోపం వస్తుందేమోనని పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఏ చేత్తో?" అంది తల్లి.

"కుడి చేత్తో."

"యాదీ, చూపీ."

ఇషిత కుడి చెయ్యి ఎత్తి ఫోను ముందు పెట్టింది. ఆమె కళ్ళు చికిలించి, స్క్రీనుకి మరీ దగ్గరగా వచ్చి చూసింది.

"చేతి ఏళ్ళు ఆడించు," అంది.

ఆడించింది.

"ఇంగోసారి."