తండ్రి వేసిన ముడి

గంగమ్మ జాతర నాలుగు నెలలుందనగా త్రినాథ్ అటక మీంచి తప్పెట దించి రొమ్ముకు ఆనించుకున్నాడు. తాడు వీపు వెనక్కి తిప్పితే కొసలు కలవలేదు. ఊపిరి బిగబట్టినా కలవలేదు. తండ్రి వాడిన తాడది. ఆయన ముడి దగ్గరే తనూ ఇన్నేళ్ళూ కట్టుకున్నాడు.

తప్పెటగుళ్ళ ఆటలో నలుగురి భుజాల మీద ఇద్దరు, ఆ ఇద్దరి మీద ఒక్కడు నిలబడి వాయించాలి. ఆ ఒక్కడు త్రినాథ్. అంతకుముందు అతని తండ్రి.

అడుగున నిలబడే బావమరిది అసిరయ్య ఎగాదిగా చూశాడు. "ఒరే బావా, నువ్వెక్కితే నేను నేల్లోకి దిగబడిపోతాను. ఈ ఏడు మన జట్టు కుర్రోడు దేవేంద్రని ఎక్కిద్దాం."

త్రినాథ్ ముఖం మాడిపోయింది. "నేనేటి తింతన్నాను బావా? ఆటో ఎక్కితే సాయంత్రం దాకా మెతుకు ముట్టను. మీ సెల్లినడుగు!"

నిజమే. అతని లెక్కలో అన్నం తింటేనే తిన్నట్టు. మిగతాదంతా ఊరికే నోరాడించడం.

ఆ మాట అతని పెళ్ళాం యమున వింది. మర్నాటి నుంచి ఆటో ఊడుస్తూ సీటు కింద దొరికిన ఖాళీ కవర్లు దాచింది. కోటబొమ్మాళి స్టేషన్ దగ్గర బేరం కోసం కూర్చుని మొగుడు లాగించిన క్రీము బిస్కెట్లు, చిప్స్, కప్పు నూడుల్స్, కూల్‌డ్రింకులు. పది రోజులకు అన్నీ దండ గుచ్చి అతని మెడలో వేసింది. నేల తాకింది.

"మెతుకు ముట్టనన్నావు గదా మావా, మరిదేటి? పెళ్ళినాడు నేనేసిన దండ కూడా ఇంత పొడుగు లేదు."

అసిరయ్య పగలబడి నవ్వాడు. త్రినాథ్ దండ తీసి తప్పెట పక్కన మేకుకు తగిలించాడు.

ఆటోలోకి క్యారేజీ వచ్చింది. రాగులు కాచిన చోడి అంబలి, ఉల్లిపాయ, ఉడికించిన ఉలవలు. మొదటి వారం స్టేషన్ దగ్గరి బడ్డీ కొట్టు కనబడితే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. ఆటోని స్టేషన్ అవతలి వైపుకు మార్చేశాడు.

"నా మీద కోపమేటన్నా?" అన్నాడు బడ్డీ సూరయ్య.

"నీ మీద కాదురా, ఆ యేలాడే పేకెట్ల మీద!"

జాతరకు వారం ముందు అసిరయ్యే తాడు కట్టాడు. కొసలు కలిశాయి గానీ పాత ముడికి రెండు వేళ్ళు తక్కువ. త్రినాథ్ తల దించుకున్నాడు.

"నాన్న ముడి అందలేదు బావా."

"నలభై మూడేళ్ళోడివి. ఇది నీ ముడి." అసిరయ్య అక్కడే గట్టిగా బిగించి, భుజం వంచాడు. "ఎక్కు."

జాతర నాడు ఏడుగురి మీద ఎండ పడింది. పైనున్నవాడు జనాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

"వాయించరా బావా! సూడ్డం తర్వాత, బుజం లాగేస్తన్నాది!"

తప్పెట మోగింది. కింద యమున పక్కావిడతో అంది: "అద్గో మా ఆయన, పైనున్నోడు."