లోపలికి ఎవరెవరు

"నువ్వేం ముట్టుకోకు కుసుమా, నేనిక్కణ్ణుంచే పెట్టేస్తాను," అన్నాడు రవికిరణ్ ఫోన్లో.

నేనప్పుడు గోంగూర ఆకు తుంచుతున్నాను. చేతులు తుడుచుకుని వెనకగదిలోకి వెళ్ళేసరికి కంప్యూటర్ తెరమీద బాణం గుర్తు తనంతట తాను కదులుతోంది. మా ఆయన ఉద్యోగం వెల్లింగ్టన్‌లో, వారాంతాలకి విమానంలో ఇంటికొస్తాడు. అక్కడ ఆఫీసులో కూర్చుని, మౌంట్ రాస్కిల్‌లోని మా ఇంటి కంప్యూటర్ నడుపుతున్నాడు. నేను తెరిచి పెట్టుకున్న పేజీలన్నీ టకటకా మూసేశాడు. ఏ యాంటీవైరస్ మంచిదో చెప్పే పేజీలవి. సగం చదివాను, మిగతా సగం వంటయ్యాక చదువుదామనుకున్నాను.

"ఫ్రీది చాల్లే మనకి. పచ్చ టిక్కు వచ్చిందా?"

"వచ్చింది. ఏవండీ, మరి ఫైర్‌వాల్ అంటే ఏంటి?"

"అదంతా నీకెందుకు? టిక్కు ఉందా లేదా, అంతే."

బాణం ఆగిపోయింది. తెరమీద ఆకుపచ్చ టిక్కు వెలుగుతోంది. నేను వంటింట్లోకి వచ్చి ఆకు తుంచడం మొదలుపెట్టాను. నా ప్రశ్నకి జవాబు మాత్రం రాలేదు. ఈ ఇంట్లో నా ప్రశ్నలు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. కారు ఇన్సూరెన్సు ఎలా పనిచేస్తుందని అడిగితే "కట్టేశాన్లే" అనేవాడు. ఇంటి లోను కాగితాల్లో ఏముందని అడిగితే "ఇక్కడ సంతకం పెట్టు చాలు" అనేవాడు. కోపంగా కాదు, విసుగ్గానూ కాదు, చాలా ప్రేమగానే అనేవాడు. అందుకే ఏమీ అనలేకపోయేదాన్ని. నా శ్రమ తగ్గిస్తున్నాననే ఆయన అనుకునేవాడు. రోజంతా నేను చేసే చాకిరీలో ఒక్కటి కూడా తగ్గలేదు, తెలుసుకునే పని ఒక్కటే తగ్గింది.

కాకినాడలో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టాను, డేకేర్‌లో పిల్లల ముక్కులు తుడిచాను. అమ్మాయి అక్షయ చదువుకోవడానికి డునెడిన్ వెళ్ళాక ఇంటర్‌ప్రెటర్ కోర్సు చేశాను. ఇంగ్లీషు రాని తెలుగువాళ్ళు ఆసుపత్రికి వస్తే వీడియోలో వాళ్ళ మాట డాక్టరుకీ, డాక్టరు మాట వాళ్ళకీ చెప్పే పని. "కబుర్లు చెప్పినందుకు కూడా జీతాలిస్తారా ఈ దేశంలో!" అని మా అత్తగారు వెంకటలక్ష్మి ఆశ్చర్యపోయారు. ఆవిడ మాతోనే ఉంటారు. పనిచ్చిన కంపెనీవాళ్ళు పెట్టిన షరతులు రెండే: ఇంటి కంప్యూటర్‌కి సరైన యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఉండాలి. కాల్ నడుస్తుండగా నేను తప్ప ఇంకెవరూ చూడకూడదు, వినకూడదు. రెండింటికీ సరేనన్నాను. పచ్చ టిక్కు ఉంది కదా.

మొదటి కాల్ హామిల్టన్ నుంచి వచ్చింది. తెరమీద ఒక లేడీ డాక్టరు, పక్కన చీర మీద స్వెట్టర్ వేసుకున్న ఒక పెద్దావిడ. నేను పేరు చెప్పి, ఇక్కడ మాట్లాడింది ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆవిడ నా మొహంలోకి వెతుక్కుంటున్నట్టు చూసింది.

"మా అబ్బాయి బయట కూర్చున్నాడమ్మా. ఇదేదీ వాడి చెవిన పడదు కదా?"

"పడదండి. మనం ముగ్గురమే."

ఆవిడ గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళుగానో కడుపులో పెట్టుకున్న సంగతని తెలుస్తూనే ఉంది. నేను ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. అంతలో తెరమీద బాణం కదిలింది.

నా చెయ్యి మౌస్ మీద లేదు. బాణం ఆవిడ నుదుటి మీదుగా, డాక్టరు భుజం మీదుగా పోయి ఒక మూల ఆగింది. చిన్న డబ్బా తెరుచుకుంది. అందులో అక్షరాలు పడుతున్నాయి: "అప్‌డేట్ పెడుతున్నా. నువ్వు మాట్లాడుకో, నేను చూసుకుంటా."

గోడలో ఉన్న ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఆవిడ మొహం సగం మాటలో నిలిచిపోయింది.

కాసేపటికి కంపెనీ నుంచి లెస్లీ ఫోన్ చేసింది. మాకు పనులు పంచేది ఆవిడే. నెట్ పోయిందని చెప్పడం తేలికే. చెప్పలేకపోయాను. ఎవరో కంప్యూటర్‌లోకి వచ్చారని చెప్పాను.

"ఎవరో తెలుసా?"

"మా ఆయన."

లెస్లీ మెల్లగా, "నిజం చెప్పావు, థాంక్స్. జరిగింది ఆవిడకి చెప్పి వేరే ఇంటర్‌ప్రెటర్‌ని పెడతాం. నీ కంప్యూటర్ సరయ్యిందని చెప్పేదాకా కాల్స్ ఇవ్వలేను," అంది.

రవికిరణ్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. "నేను హ్యాకర్నా? ఏం చూశానని? ఆవిడ మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు. వీకెండ్ వచ్చాక చూస్తాలే, ఈలోగా నువ్వేం కెలక్కు."

అత్తగారికి టీ పెట్టిచ్చి, బట్టలు తీగ మీద ఆరేసి, వెనకగదిలో కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఒకటే సందేహం తొలుస్తోంది. పచ్చ టిక్కు ఉండగా ఆయన లోపలికి ఎలా వచ్చాడు?

పీకేసిన వైరు మళ్ళీ పెట్టి, చదవడం మొదలుపెట్టాను. వాన మొదలైతే లేచి బట్టలు లోపలికి తెచ్చాను, ఎండ వస్తే మళ్ళీ ఆరేశాను, మధ్యలో చదివాను. యాంటీవైరస్ ఫైళ్ళని సోదా చేస్తుంది, చెడ్డదనిపిస్తే పక్కన పడేస్తుంది. దూరంనుంచి మా కంప్యూటర్ నడపడానికి రవికిరణ్ వాడే ప్రోగ్రామ్ చెడ్డది కాదు. ఆయనే పెట్టుకున్నాడు, ఇటువైపు ఎవరూ సరేననకుండానే లోపలికి వచ్చేలా. దొంగ కాదు కాబట్టి యాంటీవైరస్ దాని జోలికి పోదు. ఫైర్‌వాల్ పని వేరు. ఏ ప్రోగ్రామ్ ఎవరితో మాట్లాడవచ్చో అది చూస్తుంది. మా కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఫైర్‌వాల్ ఒకటి ఇన్నేళ్ళుగా లోపల ఉందట! తెరిచి చూస్తే, లోపలికి రానివ్వదగ్గవాటి పేర్లు బారుగా ఉన్నాయి. అందులో ఆయన ప్రోగ్రామ్ పేరూ ఉంది. దాని పక్కనున్న టిక్కు తీసేశాను. కాలేజీలో మొదటిసారి మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసిన రోజు గుర్తుకొచ్చింది. కంటి ముందే ఉన్నదాంట్లో ఎన్ని గదులో!

మర్నాడు ఆయనకే ఫోన్ చేశాను. "ఒకసారి కంప్యూటర్‌లోకి రండి, చూద్దాం."

బాణం కదిలింది. "వచ్చాగా! ఏం కావాలి?"

"ఏం లేదు, వెళ్ళిపోండి," అన్నాను. ఓడిపోయినట్టు అనిపించలేదు. ఎందుకిలా అయిందో తెలుసుకోవాలని ఇంకా తహతహ పుట్టింది.

సాయంత్రానికి దొరికింది. ఆ ప్రోగ్రామ్ బయటినుంచి తలుపు కొట్టదు. లోపలే ఉండి, తనే బయటికి కబురుపెట్టి పిలుచుకుంటుంది. మా ఫైర్‌వాల్ వచ్చేవాళ్ళని అడ్డుకుంటుందే గాని, లోపలినుంచి వెళ్ళేవాటిని పెద్దగా పట్టించుకోదు. అంటే నాకు కావలసింది రెండువైపులా చూసే ఫైర్‌వాల్. కొన్ని కంపెనీలు యాంటీవైరస్‌తో కలిపి అలాంటిది ఇస్తాయి. ఒకటి మరీ భయపెడుతోంది, అడుగడుగునా ఎర్ర అక్షరాలతో. ఇంకొకటి అన్నీ తనే నిర్ణయించేస్తానంటోంది, మీరు నిశ్చింతగా ఉండండంటోంది. ఆ మాట నేను చాలాసార్లు విన్నదే. దాన్ని మూసేశాను. మూడోది ప్రతి ప్రోగ్రామ్ గురించీ మనల్ని అడుగుతుందట. అలా అడగటం విసుగు పుట్టిస్తుందని చాలామంది దాన్ని తిట్టారు. నేను అదే ఎంచుకున్నాను.

రెండు యాంటీవైరస్‌లు ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి అనుమానిస్తాయని చదివాను. అందుకని ఆయన పెట్టిన ఉచిత సరుకు తీసేసి, కొత్తది పెట్టాను. కాసేపటికే తెరమీద ప్రశ్న వచ్చింది, ఆయన ప్రోగ్రామ్ గురించే. ఫలానా ప్రోగ్రామ్ బయటికి కనెక్ట్ అవ్వాలనుకుంటోంది, అనుమతించాలా? కింద రెండు బటన్లు. మా ఇంట్లో నన్ను ఏదైనా ఇలా అడిగి, జవాబు కోసం ఆగినవాళ్ళు గుర్తు రాలేదు. ఆ ప్రశ్నని మళ్ళీ చదువుకుని, 'వద్దు' అన్నదాని మీద నొక్కాను. 'ఎప్పటికీ' అన్నదాని మీద కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"కనెక్ట్ అవట్లేదేంటి? నెట్ పోయిందా?"

"పోలేదండీ. నేనే ఆపాను."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చదివాను."

"నా దగ్గర దాచాల్సినంత ఏముంది నీకు?"

"నాకేం లేదు. ఆ పెద్దావిడకి ఉంది."

"రేపేదైనా ఇరుక్కుపోతే నన్నడక్కు మరి!"

"అడుగుతాను. నేను అడిగినప్పుడే రండి."

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు. అంతా విన్నారు. కొడుకుని అంత మాట అన్నందుకు ఏమంటారో అని నిలబడ్డాను. ఆవిడ లోపలికి వచ్చి మంచం చివర కూర్చున్నారు.

"నిజంగానే వాడికేం కనపడదా ఇంక?"

"కనపడదండీ."

"నువ్వు కూడా ఎవరికీ చెప్పవా? వాడు గుచ్చి గుచ్చి అడిగినా?"

"చెప్పను. చెప్పకూడదు."

ఆవిడ కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నారు. "డాక్టరు దగ్గరికెళ్తే నా మాటలన్నీ వాడే చెప్తాడు కదా. ఆడదాని బాధ కొడుకుతో ఏం చెప్పించను? ప్రతిసారీ మోకాళ్ళ నొప్పులని చెప్పి వచ్చేస్తున్నా." నా చెయ్యి పట్టుకుని, "నాకూ నీలా మాట చేరవేసే మనిషిని పెట్టిస్తావా? వాడొద్దు. ఏమీ అనుకోకు, నువ్వూ వద్దు."

నవ్వొచ్చింది. ఆవిడ బాధేమిటో తెలుసుకోవాలని నోటిదాకా వచ్చింది, కానీ అడగలేదు. క్లినిక్‌కి ఫోన్ చేసి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పి, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తర్వాత లెస్లీకి చేసి, ఏం తీసేశానో, ఏం పెట్టానో, ఎవరిని ఆపానో చెప్పాను. "నాకు కూడా ఒకసారి నేర్పు," అంది. సోమవారం నుంచి కాల్స్ ఇస్తానంది.

శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి రవికిరణ్‌ని ఎక్కించుకున్నాను. కారు నేనే నడుపుతున్నాను. చాలాసేపు ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మకి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందట. ఎందుకు?"

"తెలీదండీ."

"నువ్వే కదా తీసుకుంది!"

"తీసుకున్నాను. ఎందుకో అడగలేదు."

నా వైపు తిరిగి చూశాడు. కోపం ఉందేమో అనుకున్నాను. మొహంలో ఉన్నది కోపం కాదు. నేను ఎవరో సరిగ్గా గుర్తుపట్టలేనట్టు చూస్తున్నాడు. ఆయనకి కూడా ఏదో తెలుసుకోవాలని ఉంది. ఎలా అడగాలో తెలియడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగాడు.

"ఇంకా ఏమేం ఆపేశావు, కుసుమా?"

"ఇంకా అయిపోలేదండీ. ఫైర్‌వాల్ ఒక్కొక్కటే అడుగుతోంది. ఆలోచించి చెప్తున్నాను."